రాడ్డు నడుం మీద నెలవంక

ఈ గేటు దాటి లోపల కాలు పెడితే కాళ్లు విరుగుతాయని నలుగురి ముందూ ఎవరినైతే అన్నదో, ఆ మనిషికే తన ఫోను నుంచి ఫోను చేసి రమ్మని పిలిచింది తూకాలక్క. కిందటి వారం ఆమెను మనం ఆ ఫోను చెవిన పెట్టుకుని ఉండగా వదిలేశాం.

పిలవక తప్పలేదు. తమ్ముడి పందెం కారుకు కొత్త ఇంజను కడుతున్నారు. పాతదాని గుర్రాలకు, అంటే హార్స్‌పవర్‌కు, దీని గుర్రాలు రెండింతలు. టర్బో ఊదే గాలికి లోపల మంట రేగి పిస్టన్ నెత్తిన పడే దెబ్బను చక్రాలను తిప్పే క్రాంకు దాకా మోసుకెళ్లేది కనెక్టింగ్ రాడ్డు. అది ఓర్చుకుంటే కారు పరిగెడుతుంది. ఓర్చుకోకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పోయిన సీజన్లో పరుగు మధ్యలో రాడ్డు విరిగి ఇంజను పక్క బద్దలైంది. కాగిన నూనె అంటుకుని తమ్ముడి కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ రాడ్డు అమ్మినవాడు జిడ్డు. ఇప్పుడు కావలసినంత గట్టి రాడ్లు చుట్టుపక్కల దొరికేదీ ఆ జిడ్డు దగ్గరే.

రాడ్లనూ పిస్టన్లనూ వెంట్రుక తేడా రాకుండా తూచి జతలు కట్టడం ఆమె పని. అందుకే షెడ్డులో అందరికీ తూకాలక్క అయింది. షెడ్డు మేనమామది. అక్కాతమ్ముళ్లను చిన్నప్పటినుంచీ సాకిందీ, పని నేర్పిందీ ఆయనే. జిడ్డు వస్తున్నాడని వినగానే మామయ్య పళ్లెంలో పెట్టింది పెట్టినట్టే వదిలేసి లేచాడు. వాడు పోయాక ఫోను చెయ్యమని చెప్పి తన కారు తీసుకుని వెళ్లిపోయాడు. వాడి మొహం చూడ్డమే మామయ్యకు ఇష్టం లేదు కాబోలనుకుంది ఆమె. తనకూ అంతే మరి.

జిడ్డు వచ్చాడు. ఆ పేరు వాడికి ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడికి కళ్లున్నాయి. మెడ దగ్గర ఎప్పుడూ చెమట తడి, పెదాల మూలల్లో తెల్లటి తడి. కరచాలనానికి చాచిన చెయ్యి వాన నీళ్లలో నానిన రొట్టెలా ఉంది. ఆమె పట్టుకోలేదు. వాడు ఏమీ అనుకోలేదు, అదే చేత్తో జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తర్వాత ఆ రుమాలునే ఆమె బల్ల మీద పరిచాడు. గాజులా తుడిచి పెట్టుకున్న బల్ల అది. దాని మీద రాడ్లు ఒక్కొక్కటే పేర్చాడు. 

ఎన్ని గుర్రాలని అడుగుతాడనుకుంది. అడగలేదు. మీ తమ్ముడు ఇంజనును నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతాడు అని అడిగాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది, ఎందుకంటే అది సరైన ప్రశ్న. గుర్రాల లెక్క కొత్తవాళ్లు అడుగుతారు. టర్బో ఒత్తిడి రాడ్డును నెత్తి మీద నుంచి తొక్కుతుంది, తొక్కి వంచాలని చూస్తుంది. వేగం చేసే పని వేరు. పిస్టన్ పైకంటా వెళ్లి చటుక్కున వెనక్కి తిరిగేచోట రాడ్డునూ బోల్టులనూ పట్టి గుంజుతుంది. తొక్కుడుకు రాడ్డు నడుం గట్టిగా ఉండాలి, గుంజుడుకు బోల్టు గట్టిగా ఉండాలి. రెండూ తెలియనివాడు రాడ్డు కొనకూడదు, అమ్మకూడదు.

జిడ్డుకు రెండూ తెలుసు. అదే ఆమెకు మింగుడుపడలేదు. హెచ్ అక్షరం ఆకారంలో కోసినవి ఒక సెట్టు, ఐ ఆకారంలోవి ఒక సెట్టు తెచ్చాడు. హెచ్‌వి తేలికనీ ఎక్కువమంది వాటినే అడుగుతారనీ చెప్పి, ఇంత ఒత్తిడికి మాత్రం వద్దన్నాడు. నడుం మందమున్న ఐ తీసుకోమన్నాడు. బోల్టులు ఒకసారి సాగేదాకా బిగించి విప్పితే మళ్లీ వాడొద్దనీ, మీ ఇళ్లలో పాత బోల్టుల్ని పెళ్లి పట్టుచీరల్లా దాచుకుంటారనీ ఒక విసురు విసిరాడు. ఆమె నవ్వలేదు. రాడ్లను ఒక్కొక్కటే తీసి క్రాంకును పట్టే పెద్ద తల ఒకసారి, పిస్టన్‌ను పట్టే చిన్న తల ఒకసారి తూచింది. ముల్లు వచ్చినచోటికే వస్తోంది. ఆమె అరగదీసి సరిచేసే పనే లేదు. సరుకు చెడ్డదైతే బాగుండునని ఆశపడి తూచిన తూకం అది. ఆశ తీరలేదు.

అప్పుడు వాడి చూపు తలుపు పక్క గోడ మీదికి పోయింది. అక్కడ తీగతో కట్టి ఒక రాడ్డు ముక్క వేలాడుతోంది. తమ్ముడి చెయ్యి కాల్చిన రాడ్డులో పై సగం. వచ్చిన ప్రతి ఇంజను యజమానికీ మామయ్య దాన్ని చూపించి, నాసి రకం కొంటే ఇదీ గతి అని చెబుతుంటాడు. పోటీల సంఘం ముందు పెట్టిందీ ఆ ముక్కనే. ఆ రోజుతో జిడ్డు సరుకు ఏ పందెంలోనూ చెల్లకుండా పోయింది. ఆ నిషేధం గడువు తీరి నెల కూడా కాలేదు.

వాడు దగ్గరకు వెళ్లి ముక్క విరిగిన కొనను బొటనవేలితో తడిమాడు.

“ఇది ఇంత నున్నగా ఎవరు రుద్దారమ్మా?”

వచ్చినవాళ్ల చేతులు కోసుకుపోకుండా మామయ్య గ్రైండరు పట్టించాడని చెప్పింది. మిగతా సగం ఏదని అడిగాడు. తుక్కులో పోయిందంది.

జిడ్డు ఆ నునుపు మీదే వేలు తిప్పుతూ నిలబడ్డాడు. వాడి వేలి తడి లోహం మీద మరకలా కనిపించి మాయమవుతోంది.

“చూడు తల్లీ. ఒత్తిడికి పోయే రాడ్డు ముందు వంగుతుంది. వేగానికి పోయేది బోల్టు దగ్గర తెగుతుంది. ఇది వంగలేదు, బోల్టూ తెగలేదు. నిటారుగా నిలబడి నడుం దగ్గర రెండైంది. నా సరుకు కుళ్లిందే అనుకో, కుళ్లు ఎక్కడుందో చూపించమన్నాను. సంఘంలో ఒక్కడూ నా మొహం చూళ్లేదు. నువ్వు పనిమంతురాలివి, నువ్వైనా అడుగుతావనుకున్నా. నువ్వు నా కాళ్లు విరగ్గొడతానన్నావు.”

ఇందులో దెప్పిపొడుపు లేదు. వర్షం పడిందని చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏ సెట్టు ఖాయమో తేల్చుకోమని, గేటవతల వ్యాన్లో కూర్చుని టీ తాగుతుంటానని వెళ్లిపోయాడు. వాడు నిలబడినచోట అత్తరూ చెమటా కలిసిన వాసన ఒకటి మిగిలింది. దాన్ని వెళ్లగొట్టడానికి ఆమె కిటికీ తెరిచింది. మాట మాత్రం కిటికీలోంచి పోలేదు.

ఐ సెట్టే తీసుకోవాలని ఆమె మనసులో ఖాయం చేసుకుంది. కొత్త రాడ్డు ఇంజనులోకి ఎక్కేముందు కడగాలి. కడిగే ట్యాంకు వెనక గదిలో ఉంది. ఆ గది సంగతి చెప్పుకోవాలి.

ఊళ్లో ఇంజన్ల మురికంతా ఆ ట్యాంకులోకే దిగింది. పైన రెండు జానల కిరసనాయిలు, అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి. మూత తీస్తే మాడిన నూనె, చచ్చిన ఎలుక, తడి బొగ్గు కలిపి ఎవరో మొహాన కొట్టినట్టుండేది. అడుగు కదిపితే పైనున్నది కూడా పాడవుతుందనీ, పైపైన కడుక్కుంటే చాలనీ మామయ్య అనేవాడు. ఇన్నాళ్లూ అందరూ పైపైనే కడిగారు. కానీ జిడ్డు రుమాలు మీద మెరుస్తూ పడుకున్న ఆ రాడ్లను చూశాక, వాటిని ఈ పెంటలో ముంచడానికి ఆమెకు చెయ్యి రాలేదు. మనిషి మీద అసహ్యం సరుకు మీదికి పాకనివ్వని పనితనం ఆమెది. కింది గొట్టం మూత విప్పి పైనున్నదంతా డబ్బాల్లోకి వంపేసింది. మిగిలిన మడ్డిని చిప్పతో తోడదామనుకుంటే రాలేదు, జిగురులా సాగింది. చేతికి తొడుగు వేసుకుని చెయ్యే పెట్టింది.

మోచేతి దాకా దిగింది. మెత్తగా, చల్లగా, ఏదో జంతువు కడుపులో చెయ్యి పెట్టినట్టుంది. తొడుగు ఎక్కడో చిరిగింది. నల్లటి నూనె వేళ్ల సందుల్లోకి పాకింది. ఒక చెంచా వచ్చింది, పేగులా చుట్టుకున్న గుడ్డపేలిక వచ్చింది, రెక్కలు ఊడిన బొద్దింకలు పిడికెడు వచ్చాయి. ఆమె మొహం పక్కకు తిప్పుకుని, నోటితో ఊపిరి తీసుకుంటూ తోడుతూనే ఉంది. చివర్లో బరువైనది తగిలింది. చేతిలోకి రాకముందే అదేమిటో ఆమెకు తెలిసిపోయింది. ఎన్నేళ్లుగానో రాడ్డు పెద్ద తలను పట్టుకుంటున్న అరచెయ్యి అది, గుడ్డిగా ముట్టుకున్నా పోల్చుకుంటుంది.

కింది సగం.

కిరసనాయిలు పోసి కడిగింది. మడ్డి మహాతల్లి దాన్ని తుప్పు పట్టకుండా దాచిపెట్టింది. విరిగిన ముఖం నిన్న విరిగినట్టే ఉంది. దానిలో సగం భాగం గరుకుగా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. అది చివరి క్షణంలో ఒక్కసారిగా తెగిన చోటు. మిగతా సగం నున్నగా ఉంది. దాని మీద ఒకదాని పక్కన ఒకటి వంపు గీతలు, చెరువు ఎండుతూ పోతుంటే ఒడ్డున నీళ్లు వదిలిన గీతల్లా. పగులు ఒక్కరోజులో రాలేదు. పరుగు పరుగుకూ ఇంత, పరుగు పరుగుకూ ఇంత లోపలికి పాకింది. ఆ గీతలన్నీ ఎక్కడినుంచి బయల్దేరాయో చూడ్డానికి ముక్కను వెలుతురుకు తిప్పింది.

అంచున ఒక గాటు. వంకర తిరిగిన గాటు, కొనదేలి ఉంది. నెలవంకలో ఒక కొమ్ము.

ఇక్కడ ఆ నెలవంక కథ రెండు మాటల్లో చెప్పాలి. తాత పొలాలకు నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేసేవాడు. తన చేతిమీదుగా పోయిన ప్రతి ఇంజనులోనూ రాడ్డు నడుం మీద ఉక్కు ఉలితో ఒక నెలవంక కొట్టేవాడు. ఎక్కడ ఎవరు విప్పినా ఇది ఫలానా వాళ్ల పని అని తెలియాలని. ఆ ఇంజన్లు ఎద్దుల్లాంటివి, నిదానంగా తిరిగేవి. వాటి రాడ్డుకు ఆ గాటు ఒక దోమకాటు. తాత ఉలి మామయ్యకు వచ్చింది, ఉలితో పాటు ఆ మురిపెమూ వచ్చింది. ఆమె తూచి, జతకట్టి, ఒక్క గీత కూడా పడకుండా గుడ్డలో చుట్టి ఇచ్చిన రాడ్లను ఆయన చివరగా బల్ల మీద పెట్టి, ఒక్కొక్కదానికీ ఒక్క దెబ్బ వేసేవాడు. నడుం మీద గోటి గీత ఉన్నా పగులు అక్కడే పుడుతుందని పదేపదే అందరికీ పాఠాలు చెప్పే మనిషి ఆమె. ఆ నెలవంకను మాత్రం ఎన్నడూ గీతగా చూడలేదు. అది ఇంటి గుర్తు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంటి వాసన తెలియదు కదా.

ఇప్పుడు తెలిసింది. గోడ మీది ముక్క ఎందుకంత నున్నగా ఉందో కూడా తెలిసింది. రెండో కొమ్ము ఆ ముక్క మీద ఉండేది.

షెడ్డు వెనక తలుపు చప్పుడైంది. వ్యాను ఇంకా గేటు ముందే ఉందని చూసి మామయ్య సందులోంచి వచ్చాడు. ఖాళీ ట్యాంకును చూశాడు.

“దీన్ని ఎవరు ఖాళీ చెయ్యమన్నారే?”

ఆమె ముక్కను గదిలోని బల్ల మీద పెట్టింది. మామయ్య దాని వైపు ఒక్కసారి చూశాడు, రెండోసారి చూడలేదు. కుళాయి దగ్గరకు వెళ్లి సబ్బు తీసుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆయన చేతులకు మురికేమీ లేదు.

ఎప్పుడు తెలిసిందని అడిగింది. విరిగిన ఇంజను విప్పిన రోజేనన్నాడు. ఆ రోజు ఎవరినీ లోపలికి రానివ్వకుండా తలుపేసుకుని ఒక్కడే ఎందుకు విప్పాడో ఆమెకు అర్థమైంది. ఆ తలుపు బయట తను టీ గ్లాసు పట్టుకుని నిలబడి, మామయ్య ఏడుస్తున్నాడేమో పాపం అనుకుంది. తుక్కువాడికి వేస్తే వాడు ఎక్కడ చూపిస్తాడోనని, తర్వాత తీసి ఎక్కడైనా పడేద్దామని ట్యాంకులో వదిలానన్నాడు. తర్వాత మడ్డిలో చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదట. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముక్కు కాస్త చిట్లించాడు కూడా. తను మోచేతి దాకా అదే మడ్డితో నిలబడి ఆ చిట్లింపు చూసింది.

“మరి కొత్త రాడ్లకు?”

“వాటికీ కొడతా. గుర్తు లేకుండా మన షెడ్డులోంచి ఇంజను పోతే మనకూ ఆ సందు చివరి షెడ్డువాడికీ తేడా ఏముంది?” చేతుల నురగ వైపు చూసుకుంటూ అన్నాడు. “ఈసారి చిన్నగా కొడతాలే.”

ఆమె ఆయన చేతుల వైపే చూసింది. తిడితే బాగుండేది, కాళ్ల మీద పడి ఏడ్చినా బాగుండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఈసారి తగ్గిస్తాలే అన్నట్టు అన్నాడు. ఈ చేత్తో ఎత్తుకుని పెంచాడు, ఈ చేత్తో ముద్దలు తినిపించాడు. ఇప్పుడా వేళ్ల మధ్య సబ్బు నురగ చూస్తుంటే ఆ తిన్నదంతా కక్కేయాలనిపించింది.

తమ్ముడితో చెబుతానంది. వాడి చెయ్యి ఎవరి ఉలి కాల్చిందో వాడికి తెలియాలంది. ఈ షెడ్డులో ఇంకొక్క ఇంజను కడితే తన పేరు తూకాలక్క కాదంది.

“వాడికి కొత్తగా చెప్పేదేముందే” అన్నాడు మామయ్య, కుళాయి కట్టేస్తూ.

తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు. కారు దగ్గర వైర్లు బిగిస్తున్నవాడు మాటలు విని వచ్చాడు. ఎంత సేపట్నుంచి ఉన్నాడో. అక్క మొహం చూశాడు, బల్ల మీది ముక్క చూశాడు. ఆశ్చర్యపోతాడని ఆమె ఎదురుచూసింది. ఆ మొహంలో ఆశ్చర్యం రాలేదు, విసుగు వచ్చింది. దాచుకున్న మిఠాయి చిన్నపిల్లలు కనిపెట్టేస్తే వచ్చే విసుగు.

“మామయ్య ఆసుపత్రిలోనే చెప్పాడక్కా. నీకు చెబితే ఊరుకోవని వద్దనుకున్నాం.”

వాడు నిదానంగా, ఆమెకు నచ్చజెప్పే గొంతుతోనే చెప్పుకొచ్చాడు. తను అప్పటికే సంఘానికి సరుకు కుళ్లు అని చెప్పేశాడట. తప్పు షెడ్డుదని తేలితే షెడ్డుకు ఇంజన్లు రావు, అబద్ధమాడాడని తేలితే తనను మళ్లీ కారెక్కనివ్వరు. జిడ్డుగాడికేం, వాడు ఇంకేదైనా అమ్ముకు బతుకుతాడు, వాడి మొహం చూస్తే ఎవరైనా నమ్మేస్తారులే అనుకున్నారట. నిజంగానే అందరూ నమ్మేశారు. ఆమె కూడా నమ్మింది. ఆ చెమట మెడనూ తడి పెదాలనూ చూసి, సాక్ష్యం అక్కర్లేదనుకుంది.

“కట్టు మారుస్తూ నేను రాడ్లమ్మిన ఆయన్ను తిడుతుంటే నువ్వు కూడా తిట్టావు కదరా” అంది ఆమె. 

“నువ్వంతలా తిడుతుంటే నేనూరుకుంటే బాగుంటుందా?”

వాడు నవ్వబోయాడు కూడా. నెలల తరబడి ఆమె ఆ చెయ్యి కడిగింది. చీము తుడిచింది, ఊడిన చర్మం పటకారుతో తీసింది, వాసనకు ఒక్కసారీ ముక్కు మూసుకోలేదు. ఒక్కరోజూ అసహ్యం పుట్టలేదు. నా తమ్ముడి చెయ్యి అనుకుంది. ఇప్పుడు ఆ చెయ్యి, మాని, గులాబిరంగు మైనంలా మెరిసే ఆ చెయ్యి, బల్ల మీదుగా ఆమె వైపు చాచుకుని వచ్చింది.

“ఇటివ్వక్కా అది. ఇంజను ఎక్కేశాక మాట్లాడుకుందాం. జిడ్డుగాడికి సెట్టు ఖాయమని చెప్పి పంపించెయ్. వాడేం అడగడు.”

ముక్కను ఆమె తన పిడికిట్లోకి లాక్కుంది. విరిగిన అంచు అరచేతిలో దిగింది. చిరిగిన తొడుగులోంచి నలుపుతో కలిసి ఎర్రగా ఒక చుక్క బల్ల మీద పడింది. తమ్ముడి వేళ్లు ఆమె మణికట్టును తాకాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, బల్లి మీద పడ్డట్టు.

గేటవతల వ్యాను తలుపు వేసిన చప్పుడు వినిపించింది. టీ తాగడం అయిపోయినట్టుంది.

గోడ పైభాగాన గాలి కోసం వదిలిన చిన్న కిటికీ ఉంది. ఆమె మొహం అటు తిప్పింది.

“లోపలికి రండి” అని గట్టిగా పిలిచింది. “మీరడిగిన మిగతా సగం ఇక్కడే ఉంది.”

 కంకర మీద అడుగులు గది వైపు తిరిగాయి. తొందర లేని, బరువైన అడుగులు. మామయ్య చేతులు తుడుచుకుంటున్న గుడ్డను కింద పడేశాడు. ఆమె మొహంలోకి చూడకుండా ఆమెను దాటుకుని వెళ్లి, గది తలుపుకు లోపలినుంచి గడియ పెట్టాడు.